సమాధుల దోవలో నడక

ఆ రోజుల్లో, ఒంటిని పదిలంగా చూసుకోవడమూ భక్తేనని ప్రసంగపీఠం ఎక్కి చెప్పేవాణ్ణి గానీ, చెప్పే ఒళ్లు పీఠానికి రెండు పక్కలా కనబడుతున్న సంగతి పట్టించుకోలేదు. చదువు ముగించి ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెకు కొత్త పాస్టరుగా వచ్చాను. ఏ ఇంట్లో ప్రార్థన చేసినా ఆమేన్‌కు ముందే టీ మరుగుతుండేది. అయ్యగారి టీలో చక్కెర తక్కువైతే ఆ ఇంటి పరువు తక్కువైనట్టు. (వద్దంటే మనసు నొచ్చుకుంటారు. నేను ఎవరి మనసూ నొప్పించలేదు.) చివరికి కర్నూలు డాక్టరు నా రక్తపరీక్ష చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "షుగరు. ఈ వయసులో. టీలు మాని రోజూ నడవండి. వచ్చే పరీక్షకు దిగకపోతే ఇన్సులిన్ సూదే" అన్నాడు. నాకు సూదంటే చిన్నప్పటి నుంచీ కొంచెం మొహమాటం.

చిక్కల్లా దోవతోనే. ఊళ్లో నడిస్తే ప్రతి గడపా టీకి పిలుస్తుంది. ఇళ్లు లేని దోవ ఒక్కటే, మా సమాధుల తోటకు పోయేది. మర్నాడు తెలతెలవారుతుండగా దాన్నే పట్టుకుని గబగబా నడిచాను. చర్చి గంట కొట్టే గంటన్న వేపపుల్ల నములుతూ "యాడికి అయ్యగారూ?" అన్నాడట. ఆయాసంలో నాకు వినబడక చెయ్యి ఊపాను. పాస్టరు పొద్దున్నే మాటాపలుకూ లేకుండా ఆ దోవన పోయాడంటే, ఎవరికో గుంటకు చోటు చూడటానికేనని అతని లెక్క. గంటన్న వేపపుల్ల పారేసి చావుగంట అందుకున్నాడు.

తోట గేటు దగ్గర ఆ గంట విని టక్కున ఆగాను. సంఘంలో ఎవరో పోతే, నేను ఇక్కడ కొవ్వు కరిగించుకుంటున్నాను. మిగిలిన ఊపిరితో ఊళ్లోకి పరుగెత్తాను. చర్చి ముందు జనం గుమిగూడి ఉన్నారు.

"ఎవరు?" అన్నాను.

"మీరే చెప్పల్ల, ఎవురని" అన్నాడు గంటన్న.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచంపట్టిన పెద్దవ్వ ఒక్కతే లేదు. అప్పుడే ఆమెకు టీ ఇచ్చి వచ్చిన కోడలు కూడా నమ్మేసి ఏడుపు అందుకుంది. అందరం ఆ ఇంటికి పరుగెత్తాం.

పెద్దవ్వ మంచం మీద కూర్చుని గ్లాసు ఊదుకుంటోంది. "ఏమప్పా, ఊరంతా ఈడికొచ్చినారు? ఎవురు పోయినారు?"

గంటన్న నేల చూస్తూ, "నువ్వే అవ్వా" అన్నాడు.

"నన్నొక మాట అడిగి కొట్టల్ల గదరా."

ఇక దాచలేక షుగరు సంగతి చెప్పేశాను. "మాకోసం ప్రార్థన చేసే మనిషికే షుగరా?" అన్నాడు గంటన్న, దేవుణ్ణే అడుగుతున్నట్టు.

"మనం పోసిన టీలే గదప్పా అవి" అంది పెద్దవ్వ. "ఇంగ ఈయనకు ఎవురూ టీ పొయ్యద్దండి. నువ్వు నడువు నాయనా. గేటు దాకా పో, ముట్టకుండా తిరుక్కో. శానా తొందర పడాల్సిన తావు కాదది."

టీ బదులు మజ్జిగ వచ్చింది. సూది తప్పింది. పెద్దవ్వ ఉన్నన్నాళ్లూ ఆ కట్టడి సాగింది. ఆమెకు నిజంగా గంట కొట్టాల్సిన రోజున గంటన్న తాడు పట్టుకునే ముందు ఇంటికి పోయి ఆమెను తన కళ్లతో చూసి, నన్ను రెండుసార్లు అడిగి వచ్చాడు.

తర్వాత మెల్లగా టీలు మళ్లీ మొదలయ్యాయి; పీఠం నాకు మళ్లీ చిన్నదవుతోంది. ఇప్పటికీ పొద్దున్నే గేటు దాకా నడిచి, ముట్టకుండా, కాసేపు లోపల పడుకున్న పెద్దవ్వ వైపు చూసి తిరుగుతాను. మా సంఘంలో టీ తాగి పొమ్మనని ఇల్లు ఆమెదొక్కటే.