మా ప్రహరీ గోడ, ఆమె ముందు గది

కువైట్‌లో, జహ్రా అనే చోట మా మామా పుట్టింటి వంటగదికి సందువైపు ఒక తలుపు ఉంది. గురువారం సాయంత్రాలు నేను ఆ తలుపు దగ్గర నిలబడి టీ తాగుతాను. మామా అంటే సల్వాలో నేను కారు నడిపే ఇంటి ఇల్లాలు. ఇళ్లలో పనిచేసేవాళ్లంతా యజమానురాలిని అలాగే పిలుస్తారు. మొదట్లో ఆ మాట నా నోటికి రాలేదు, తర్వాత వచ్చింది. వారానికోసారి ఆమెనూ పిల్లలనూ తల్లిగారింటికి తీసుకెళ్లి, వాళ్ల భోజనాలూ కబుర్లూ అయ్యేదాకా బయట ఉండటం నా పని.

ఆ ఇంట్లో వంట చేసేది మా ఊరి మనిషి. మా ఊరు రాయచోటి వైపు. ఆమె తండ్రి మా ఎద్దులను చూసుకునేవాడు. ఊళ్లో ఆమె నన్ను 'సామీ' అనేది, ఇక్కడ 'అన్నా' అంటుంది. ఇంటిపనివాళ్లకిచ్చే ఖాదిం వీసా మీదే ఇద్దరం వచ్చాం కాబట్టి ఆ పిలుపులో తప్పు లేదు. అయినా చాలాకాలం అది నా చెవికి గుచ్చుకుంది. ఇస్త్రీ లేని చొక్కాతో నేను ఆ తలుపు దగ్గరకు వెళ్లను. ఆమె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోను. కూర్చుంటే డ్రైవరునైపోతానని భయం కాబోలు. నిలబడినా డ్రైవరునే.

మా ఊరి ఆకారం గురించి కొంచెం చెప్పాలి. నా చిన్నతనంలో ఊరికి నడుమ మా ఇల్లు. తగవులు మా అరుగు మీద తీరేవి, కూలి గింజలు మా వాకిట్లో కొలిచేవాళ్లు. ఊరివాళ్లు చిరునామా చెప్పాలంటే పెద్దింటికి తూర్పు, పెద్దింటికి పడమర అనేవాళ్లు. తర్వాత కువైట్ డబ్బు వచ్చింది. అది ఊరి నడుమకు రాలేదు, హైవే పక్కకు వెళ్లింది. విమానాశ్రయం నుంచి వచ్చే కారు తన గుమ్మం ముందే ఆగాలని ప్రతి మనిషికీ ఉంటుంది కదా. ఒకరి తర్వాత ఒకరు రోడ్డు పక్కన స్థలాలు కొని మేడలు కట్టారు. ట్రావెల్స్ ఆఫీసు, ఫోన్ల దుకాణం, బిర్యానీ హోటలు, బుర్ఖాలూ చీరలూ అమ్మే కొట్టు, అన్నీ అక్కడే వెలిశాయి. ఊరు మొహం అటు తిప్పుకుంది. ఎవరూ మాకు ఏ ద్రోహమూ చేయకుండానే మా ఇల్లు ఊరికి వెనకభాగం అయిపోయింది.

ఇంకో సంగతి ఊరికి తెలియదు. పాత ఇళ్ల కలప కొనే వ్యాపారులు పల్లెల మీద తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో మాకు వ్యవసాయం దెబ్బతిని ఉంది. మొదట ఉయ్యాల బల్ల అమ్మాను. తర్వాత తలుపులు, ఆఖరికి టేకు స్తంభాలు. పొలాల వైపున్న వెనక వాకిట్లోకి లారీ వచ్చి తీసుకెళ్లింది. ఏ నగరంలోనో ఏ హోటల్లోనో అవి ఇప్పుడు నిలబడి ఉంటాయి, వాటికి ఆనుకుని జనం ఫోటోలు దిగుతుంటారు. స్తంభాలు తీసేసిన మట్టి మిద్దె ఎన్ని వానలు ఓర్చుకుంటుంది? నేను కువైట్ చేరిన కొన్నాళ్లకే కూలింది. ముందు మాత్రం మనిషెత్తు దాటిన ప్రహరీ గోడ, ఇనుప గేటు, గేటుకు తాళం అలాగే ఉన్నాయి. లోపల వేపచెట్లు పెరిగాయి. వెనకవైపున్నవి మా బీడు పొలాలే, అటు ఎవరూ పోరు. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఊరికి సంబంధించినంతవరకు పెద్దిల్లు తాళం వేసి ఉంది, అంతే.

మా గోడకు ఎదురుగా, ఇరుకు సందుకు అవతలి పక్క, ఆమె ఇల్లు. జహ్రా వంటగదిలో సంపాదించి కట్టుకున్న రెండు గదులు, ముందు ఒక వసారా. ఆమె చెల్లెలు, చెల్లెలి పిల్లలు ఉంటారు. ముందు గదిలో చెల్లెలు కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ ఇల్లు నడిచేది ఆ గది మీదే.

హైవే నుంచి ఊరి లోపలికి వెడల్పు రోడ్డు వేయాలని కువైట్‌లో ఉన్న మావాళ్లంతా చందాలు వేసుకున్నారు. నీళ్ల ట్యాంకరూ బడి బస్సూ మా సందులో తిరగలేకపోతున్నాయి. ఊళ్లో ఏది ఎక్కడ ఉండాలో ఇప్పుడు ఊళ్లో తేలదు. ఇక్కడ బ్నీద్ అల్ గార్‌లో మావాళ్లు అద్దెకు తీసుకున్న గదిలో, శుక్రవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర తేలుతుంది.

అలా తేలబోయే ముందు గురువారం ఆమె టీ గ్లాసు నా చేతికిచ్చి అంది:

"అన్నా, రేపు గదికాడ రోడ్డు మాట వస్తాదంట. నన్ను మామా శుక్రవారం ఇడిసిపెట్టదు. నువ్వుంటావు గదా. మా చెల్లెలి మిషను ఆ ముందర గదిలోనే ఉండాది. అది పోతే దాని బతుకు పోతాది. ఒక్క మాట చెప్పన్నా."

చెబుతానన్నాను. అడిగినవాళ్లకు లేదనే అలవాటు మా ఇంట్లో లేదు. నువ్వు చెబితే ఇంక అయిపోయినట్టేనని ఆమె నవ్వి లోపలికి వెళ్లింది.

గదిలో నాకు కిటికీ పక్క మంచం వదులుతారు. మిగతావాళ్లు కింద ప్లాస్టిక్ పరుపు మీద వరుసగా కూర్చుంటారు. వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఆ రోజు మాట నడిపింది కిరాణా గోదాములో పనిచేసే భాయ్. మావాళ్లలో అందరికంటే ముందు కువైట్ వచ్చినవాడు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితంతో ఎవరికి ఇబ్బంది వచ్చినా పరిగెత్తేవాడు. ఏసీలు బాగుచేసే ఒకడు ఫోన్లో ఆకాశం నుంచి తీసిన మ్యాప్ తెరిచి, మా సందును వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. ఒక పక్క మా గోడ. ఒక పక్క ఆమె వసారా, ముందు గది. ఏదో ఒకటి కొట్టకుండా రోడ్డు పోదు.

"పెద్దింటి గోడ ముట్టుకునేది లేదప్పా," అన్నాడు భాయ్. "ఆ పిల్ల జాగాకు పట్టా గూడా లేదు. ఎనకాల గది ఉంటాది గదా, సర్దుకుంటాది."

"గోడే గదా భాయ్. ఆయమ్మది ఇల్లు," అన్నాడు ఏసీ మెకానిక్.

"నీకేం తెలుసురా? మీ జేజినాయన ఆ గేటు ముందర చెప్పులు చేతబట్టుకొని నడిచినోడు."

"నడిచినాడు గనకనే చెప్తాండా."

కొందరు నవ్వారు. భాయ్ నా వైపు తిరిగి, నువ్వేమంటావన్నా అని అడిగాడు.

ఫోను నా చేతిలోకి వచ్చింది. నేను చూసింది సందును కాదు, మా ఇంటిని. కూలిన సంగతి అందులో కనిపిస్తుందనుకున్నాను. కానీ ఆ చిత్రం ఎప్పటిదో పాతది. అందులో మా మిద్దె నాలుగు పక్కలా నిండుగా ఉంది. ఆకాశం కూడా నా రహస్యం దాచిపెట్టింది. గోడ పడిందంటే ఆ వెనక ఏమీ లేదని ఊరు చూస్తుంది. ఊరు చూస్తే ఈ గది చూస్తుంది. కిటికీ పక్క మంచం మీద కూర్చున్నవాడు సొంత ఇంటి ఎముకలు అమ్ముకున్నవాడని తెలుస్తుంది.

"మీరంతా ఏమనుకుంటే అదే," అన్నాను.

ఖలాస్ అన్నాడు భాయ్. అందరూ అన్నం ముందుకు జరిగారు. నేనూ తిన్నాను. ఆ రోజు చేపల పులుసు బాగుందని అన్నట్టు కూడా గుర్తు.

తర్వాతి గురువారం ఆమె అడిగితే, ఇంకా తేలలేదన్నాను. ఆ పై గురువారమూ అదే మాట అన్నాను. తిరుగు దారిలో మామా పిల్లలు వెనక సీట్లో అరుచుకుంటుంటే, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ నాకు కుట్టుమిషను చప్పుడు వినిపించేది. ఒక్క ఫోను చేస్తే అయ్యే పని. చేయలేదు. ప్రతి రోజూ రేపు అనుకున్నాను.

మరుసటి గురువారం తలుపు తీసేసరికి ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. పొద్దున జేసీబీ వచ్చిందట. మెట్లూ వసారా పోయాయి. చీకటి పడిందని ఆపారు, రేపు ముందు గది కొడతారట. చెల్లెలు మిషను వీధిలో పెట్టుకుని కూర్చుని ఉందట. ఇదంతా చెబుతూనే ఆమె నాకు టీ పోసింది.

"భాయ్ చెప్పినాడులే అన్నా. నువ్వు నా తరపున శానా మాట్లాడినావంట. ఊరే ఒప్పుకోలేదంట. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

భాయ్ ఆమెను ఓదార్చడానికి ఆడిన అబద్ధం అది. నా మర్యాద కోసం కూడా ఆడి ఉంటాడు. దాన్ని అలాగే ఉంచుకుని కారు దగ్గరకు వెళ్లిపోవచ్చు. అడుగు కూడా వెనక్కి వేశాను. గ్లాసు చేతిలో కాలుతోంది. మాట్లాడలేదని చెప్పాను. నోరే తెరవలేదని, గోడ వెనక ఇల్లు లేదని, స్తంభాలమ్మి నేనే కూల్చుకున్నానని, అది బయటపడుతుందనే ఊరుకున్నానని చెప్పాను. ఇంత చెప్పడానికి ఎక్కువసేపు పట్టకపోవడం నాకే వింతగా ఉంది.

ఆమె టీ గిన్నె గట్టు మీద పెట్టేసింది.

"లోపల ఇల్లు ఉండాదనుకున్యా," అంది. "ఇంటికి ఇల్లు, పెద్దింటి ముందర మాదేం లెక్క అని మనసుకు చెప్పుకున్యా. ఏమీ లేనిదానికి అడ్డం పెట్టింది నా చెల్లెలి గదినా?"

లోపల నుంచి ముసలి మామా పిలిచింది. ఆమె నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది, సగం టీ అలాగే ఉంది. తలుపు వేసింది.

నేను కార్లో కూర్చుని ఊరి గ్రూపుకు మాట రికార్డు చేశాను. గోడ కొట్టండి, ఆమె గది జోలికి పోవద్దు, ఇది నా మాట, అన్నాను. ఇల్లు లేదన్న సంగతి మొదటిసారి చెప్పాను. విని, చెరిపేశాను. రెండోసారి ఆ ముక్క వదిలేసి పంపాను. భాయ్ వెంటనే ఫోను చేసి, పెద్దవాళ్ల ఆస్తి, బాగా ఆలోచించుకో అన్నా అన్నాడు. ఆలోచించడం ఎక్కువైంది, పొద్దున్నే కొట్టించు అన్నాను.

శుక్రవారం పొద్దున వీడియో వచ్చింది. గోడ మూడు చోట్ల విరిగి పడింది. దుమ్ము తగ్గాక వేపచెట్లు, మట్టి గుట్టలు, ఒక మూల పొయ్యిగడ్డ కనిపించాయి. దాని అవతల నేరుగా పొలాలు. వీడియో తీస్తున్నవాడు ఆ ఖాళీ మీదుగా ఫోను రెండుసార్లు తిప్పాడు. తర్వాత గ్రూపులో భాయ్ గొంతు వినిపించింది. ఊరికోసం తాతలనాటి గోడ ఇచ్చిన పెద్దమనసుకు దండం అన్నాడు. వరుసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చిపడ్డాయి. రోడ్డుకు మా నాన్న పేరు పెట్టాలని ఎవరో అన్నారు. ఫ్లెక్సీకి నా ఫోటో అడిగారు.

ఆ మధ్యాహ్నం నేను గదికి వెళ్లలేదు. మామాకు పనుందని చెప్పాను. లేదు.

వారం తిరిగి గురువారం వచ్చింది. ముందు గది నిలిచింది, మిషను మళ్లీ లోపలికి వెళ్లింది. వసారా పోయింది, మెట్లు లేక పిల్లలు గడప మీద నుంచి దూకుతున్నారు. వసారా కట్టుకోవడానికి ఇప్పుడు చోటు లేదు. అక్కడిదాకా రోడ్డు కంకర వచ్చేసింది. సందుకు ఇవతల నా ఖాళీ స్థలంలో కావలసినంత తీసుకొమ్మన్నాను.

"నీ జాగా నాకెందుకన్నా," అంది ఆమె. "రోడ్డుకు మీ నాయన పేరు పెడతారంట గదా."

వద్దని చెబుతానన్నాను.

"వద్దని కాదు. ఏం జరిగిందో గదిలో అందరి ముందరా చెప్పు. ఫోన్లో కాదు. నువ్వు నోరు మూసుకున్యావని వాళ్లకు తెలియల్ల."

వెళ్లాను. భాయ్ కిటికీ పక్క మంచం చూపించాడు. కూర్చోకుండానే అంతా చెప్పాను. ఆమె ముందుగానే నన్ను అడిగిందని, నేను మాట ఇచ్చానని, ఇచ్చి మింగానని చెప్పాను. స్తంభాల సంగతి చెప్పాను. ఏసీ మెకానిక్ తలెత్తి నా వైపు ఒకసారి చూసి, పళ్లెం వైపు చూశాడు. అదంతా ఇప్పుడెందుకన్నా, అన్నం చల్లారిపోతాంది అన్నాడు భాయ్. పక్కనెవరో నీళ్ల సీసా నా చేతికి అందించారు. నన్ను ఎవరైనా ఒక మాట అంటారని చాలాసేపు నిలబడ్డాను. పేరు మాత్రం వద్దనిపించగలిగాను, అదీ నా వినయమని అనుకున్నారు.

తర్వాతి గురువారం వంటగది తలుపు సగమే తెరుచుకుంది.

"చెప్పినావా?"

"చెప్పాను."

"ఏమన్యారు?"

"ఏమీ అనలేదు. అన్నం తినమన్నారు."

ఆమె తల ఊపింది. ఆశ్చర్యపడలేదు, కోపం కూడా కొత్తగా ఏమీ లేదు.

"నిన్ను అనర్లే," అంది. "అదే నేనైతే ఊరు ఇడిసిపెట్టిపోవల్సి వచ్చుండు."

పొయ్యి మీద ఏదో పొంగుతుంటే వెనక్కి తిరిగింది. టీ కావాలా అని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. మామా వాళ్లు బయటికి వచ్చేదాకా కారు పక్కన నిలబడ్డాను.