అత్తగారు వద్దన్న నారింజ కోటు

మొన్న ఎడిసన్ నుంచి మా మనవడు ఫోన్‌కి ఫొటో పంపాడు. ఆఫీసు స్నేహితులతో జింకల వేటకి వెళ్తున్నాడట. ఒంటిమీద కళ్లు చెదిరే నారింజ రంగు కోటు, చేతిలో తుపాకీ, మొహమంతా నవ్వు. ఆ కోటు చూడగానే తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాను.

ఎనభైల మొదట్లో మేం పెన్సిల్వేనియా కొండల్లో ఓ చిన్న ఊళ్లో ఉండేవాళ్లం, మావారికి అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మన దగ్గర పండక్కి బడి మూసినట్టు, అక్కడ వేట మొదలయ్యే రోజున బడికి సెలవిచ్చేవారు. పిల్లలు తండ్రులతో, తాతలతో తెల్లారకముందే అడవికి పోయి, సాయంత్రానికి కార్ల నెత్తిన జింకల్ని కట్టుకుని బజారంతా తిరిగేవారు. పక్కింటి ముసలాయన, కరువు రోజుల్లో చలికాలమంతా తమ ఇంటిల్లిపాదికీ తిండి పెట్టిందని, వాళ్ల తాత తుపాకీని మనం దేవుడి పటం తుడిచినట్టు తుడిచేవాడు. మేం మాంసం తినమని ఎన్నిసార్లు చెప్పినా ఏటా ఓ పొట్లం తెచ్చి ఇచ్చేవాడు.

ఆయనే ఆ ఏడు మావారికి చేతుల్లేని నారింజ కోటొకటి తెచ్చి, వేట రోజుల్లో ఇది లేకుండా గుమ్మం దాటొద్దన్నాడు. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు దాన్ని చూసి మండిపడ్డారు. "పెళ్లాం బిడ్డలున్నవాడివి, నీకు కాషాయమేమిట్రా? తీసి అవతల పెట్టు." మావారు నవ్వి, "సరేలేమ్మా, సన్నాసుల్లో కలవన్లే" అని దాన్ని కొక్కేనికి తగిలించి, గోధుమరంగు కోటు మీద ఆవిడ అల్లిన తెల్ల మఫ్లరు చుట్టుకుని, ఇంటి వెనక చెట్లలోకి పొద్దుటి నడకకి వెళ్లారు. జింక తోక కింద తెల్లగా ఉంటుందని, దూరాన్నుంచి వేటగాడి కంట పడేది ఆ తెలుపేనని, జింక కాదు మనిషని చెప్పేది ఆ నారింజ రంగేనని మాకేం తెలుసు?

జింకనుకుని ఆయన్ని కాల్చినతను పై వీధిలో ఉండే మనిషే. మా గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. పరామర్శకొచ్చిన ఆడవాళ్లు వంటలు తెచ్చి బల్ల నింపేశారు, వెళ్తూ వెళ్తూ ఆయన నారింజ కోటు ఎందుకు వేసుకోలేదని మెల్లిగా అడిగారు. అతన్ని జైల్లో పెట్టలేదు. మరుసటేడు కూడా బడికి మామూలుగానే సెలవిచ్చారు. అత్తగారు మరి ఇండియా వెళ్లలేదు; చలికాలం వస్తే ఆ కోటు తీసి, మోకాళ్ల దాకా వేలాడుతున్నా మా అబ్బాయికి తొడిగి, పక్కన తాళ్లు తనే ముడివేసేవారు.

మా అబ్బాయి తన కొడుక్కి తాత కారు ప్రమాదంలో పోయారనే చెప్పుకొచ్చాడు, నేనూ ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ రోజుల్లో వేటంటే పక్కింటివాళ్ల సంగతి, మనం కిటికీలోంచి చూసేది. ఇప్పుడు మన పిల్లలే లైసెన్సు తీసుకుని వెళ్తున్నారు, ఇక దాచి ఏం లాభమని నిన్న వాడికి ఫోన్ చేసి అంతా మొదటినుంచీ చెప్పాను.

"సారీ నానమ్మా," అన్నాడు అంతా విని. "బట్... తాత ఆరెంజ్ ఎందుకు వేసుకోలేదు?"

ఆ ఊరి ఆడవాళ్లు మా గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో అడిగిన మాటే, ఇన్నేళ్లకి మా ఇంటి పిల్లాడి నోట తెలుగులో విన్నాను.