బస్తాకో డాక్టరు

నేను తెలివితక్కువవాణ్ణని మా ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టర్ల విషయంలో ఎంత తెలివితక్కువవాణ్ణో నాకొక్కడికే తెలుసు. నిన్న వ్యాసర్పాడి నుంచి ఎవరో ఫోన్ చేసి, "సార్, మీ మేనల్లుడు చెప్పాడు, మాలాంటోళ్లని మర్యాదగా చూసే డాక్టర్ని మీరు చెప్తారంట కదా" అంటే, చెన్నై సౌకార్‌పేటలో ఎండుమిరపకాయలు అమ్ముకునే నాకు ఈ ఉద్యోగం ఎప్పుడొచ్చిందా అని కాసేపు తికమకపడ్డాను.

మా అక్క బిడ్డ ఆడపిల్లగా పుట్టి, పెద్దయ్యాక తాను మగవాణ్ణని చెప్పి, మీసం పెంచాడు. హార్మోన్ ఇంజెక్షన్లతో వచ్చిన మీసమైనా నాదానికంటే ఒత్తుగా ఉందని నాకు కొంచెం కుళ్లు. నాకు అర్థమైంది అంతవరకే. వాడికి పొత్తికడుపులో నొప్పి మొదలైతే, మా నాన్న కాలం నుంచీ మమ్మల్ని చూస్తున్న డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. రోగి ఊరికే కూర్చోవాలి, పెద్దవాడు జబ్బు చెప్పాలి. అదీ మా ఇంటి పద్ధతి. వాడు ఇంజెక్షన్ల సంగతి ఎత్తేలోగా నేనే "గ్యాసండీ" అనేశాను. డాక్టరుగారు ఆ మీసం చూసి, "ముందు చీర కట్టుకుని రా, అప్పుడు చూస్తా" అని నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

"నొప్పితోనైనా ఉంటా గానీ ఇంక ఏ డాక్టరు దగ్గరికీ రాను. విడుంగ మామా, వదిలేయండి" అన్నాడు వాడు. వారం తిరిగేసరికి వంగి నడుస్తున్నాడు.

ఏం చేయాలో తోచక, నాకొచ్చిన ఒకే విద్య వాడాను. బస్తా కొనేముందు ఒక కాయ తుంచి వాసన చూస్తాం కదా, అలా బీపీ వంకతో ఊళ్లో డాక్టర్ల దగ్గరికి బయల్దేరాను. "మా మేనల్లుడు ఇట్లా..." అని ఒక ముక్క వదిలి, మొహం చూసేవాణ్ణి. ఒకాయన పిచ్చాసుపత్రికి దారి చెప్పాడు. ఇంకొకాయన, మేనల్లుడి పేరుతో నా గోడే చెప్పుకుంటున్నాననుకుని భుజం తట్టి ధైర్యం చెప్పాడు. ఒకామె ఎంతో ప్రేమగా మాట్లాడింది గానీ, ఆ ఇంజెక్షన్లు ఏం చేస్తాయో తిరిగి నన్నే అడిగింది. లేని బీపీ చూపించుకోబోయి నిజంగానే తెచ్చుకున్నాను. చివరికి చింతాద్రిపేటలో ఒక డాక్టరమ్మ మొహంలో ఏ మార్పూ లేకుండా, "ఇంజెక్షన్లు ఎన్నాళ్లుగా? స్కాన్ తీయించారా?" అంది. మర్నాడే వాణ్ణి బతిమాలి తీసుకెళ్లాను. నేను నోరు తెరవగానే, "నొప్పి ఆయనకా, మీకా? పోయి బయట కూర్చోండి" అంది.

బయట బెంచీ మీద అరగంట కూర్చున్నాను. లోపల వాడి గొంతు ఆగకుండా వినిపిస్తోంది. ఇంత మాట్లాడతాడని నాకు తెలియదు. స్కాన్‌లో తేలింది, అండాశయంలో గడ్డ. మెలిక పడకముందే ఆపరేషన్ చేసి తీసేశారు. "మీరు బయట కూర్చోబట్టే సగం నయమైంది మామా" అన్నాడు.

పాత డాక్టరుగారిని నిలదీసే ధైర్యం నాకు లేదు. కానీ ఏటా మా కొట్టు క్యాలెండరు మీద 'అవసరానికి' అని ఆయన నంబరే వేసేవాళ్లం. ఈ ఏడు డాక్టరమ్మది వేయించి, మొదటి కాపీ ఆయన క్లినిక్కుకే పట్టుకెళ్లి, ఆయన కుర్చీకి సరిగ్గా ఎదురుగా మేకుకు తగిలించి వచ్చాను. రోగిని చూసి నవ్వకూడదని నాకు తెలిసిరావడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆయనకు పన్నెండు నెలలు ఇచ్చాను.