గాజు తొట్టిలో గోదారి గట్టు

మా ఆయన నలభై ఏళ్ళు సముద్రంలో చేపలు పట్టాడు. ఒక్క చేపను బతికించాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. మోకాళ్ళు పోయి, పడవ తమ్ముడికి అప్పగించి, ధవళేశ్వరం వచ్చి అద్దె ఇంట్లో కూర్చున్నాక గాజు తొట్టి కొని నాలుగు గోల్డ్‌ఫిష్‌లు పెంచడం మొదలుపెట్టాడు. పొద్దున మేత, సాయంత్రం మేత, మధ్యలో తొట్టి ఎదుట కుర్చీ. ఆ చేపలు చస్తే మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటాడని నాకు తెలుసు. అవి రాకముందు ఒక వేసవి అంతా అలాగే పడుకున్నాడు.

తొట్టి వెనక అంటించిన నీలం కాగితం ఆయనకు నచ్చలేదు. థర్మోకోల్ అట్టలు చెక్కి, నీళ్ళలోపలే గోదారి గట్టు కడతానన్నాడు. రాళ్ళు, మెట్లు, ఓ పక్కన రేవు. వారం రోజులు ఇల్లంతా తెల్ల పూసలు, అన్నం గిన్నెలో కూడా. చెక్కినదాని మీద సిమెంటు పూశాడు. ఆయన గట్టన్నాడు గానీ నాకది విరిగిన బెల్లపు అచ్చులా కనిపించింది.

రంగు కోసం తమ్ముడికి ఫోన్ చేశాడు. మా మరిది పిఠాపురం అవతల, సముద్రం ఒడ్డున మా పాత ఊళ్ళోనే ఉంటాడు. పడవ అడుగుకు పూయగా మిగిలిన ఎర్ర రంగు, సగం డబ్బా, బస్సులో మోసుకొచ్చాడు.

"ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానినా ఊడదు వదినా. ఈ మంచినీళ్ళు ఓ లెక్కా" అన్నాడు.

"ఊడదు సరే. పడవకి ఎందుకు పూత్తారు?"

"ఎందుకేంటి, అడుక్కి సముద్రపు గుల్లలు పట్టకుండా."

"ఎందుకు పట్టవు?"

అన్నదమ్ములిద్దరివీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ రంగు పూసిన చేతులే. దాని మీద గుల్ల ఎందుకు బతకదో ఒక్కనాడూ ఆలోచించలేదు.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం ఇప్పటికీ నిదానమే. డబ్బా పక్కన నాలుగైదు భాషల్లో చీమల బారులా రాసి ఉంది. తెలుగు వరస మీద వేలు పెట్టి పైకే చదివాను. నీటిలోని జీవులకు విషం. చెరువుల్లో, కాలువల్లో కలపరాదు.

"డబ్బాల మీద అలాగే రాత్తారే. బీడీకట్ట మీద రాయలేదా" అన్నాడు మా ఆయన.

"అది చదివుంటే నీకీ దగ్గు ఉండేదా మావా?"

ఆయన అయిదో తరగతి దాకా చదివాడు. ఒకసారి చదువుకున్నవాడు మళ్ళీ ఏదీ చదవక్కర్లేదని ఆయన నమ్మకం. గట్టు మొత్తానికీ రంగు పూసేశాడు.

నేను రంగు ఆరాక గట్టులోంచి ఒక మెట్టు విరిచి బకెట్లో వేసి, కాలువలో దొరికిన అయిదారు నత్తలను వదిలాను. మర్నాటికి అన్నీ అడుక్కు రాలిపోయాయి. మా ఆయన ఒక్కోదాన్నీ తీసి తట్టి చూశాడు. ఒక్కటీ ముడుచుకోలేదు.

"ముందే సెప్పొచ్చు కదే."

"డబ్బా సెప్పింది."

మళ్ళీ చెక్కాడు. ఈసారి రంగు లేదు, ఉత్త సిమెంటు. అది గట్టిపడిందో లేదో తొట్టిలో దించబోయాడు. చెరువు చేపను చేప కిందే జమకట్టని మనిషి, చెరువుల సంగతి ఆయనకేం తెలుస్తుంది? మా పుట్టింటి వైపు చెరువుకు సున్నం చల్లిన రోజే చేపపిల్లను వదిలే రైతు ఉండడు. సిమెంటులో ఉన్నదీ సున్నమే. ఆ మాట అంటే కోపం వచ్చింది గానీ చెయ్యి ఆగింది.

మూడు వారాలకు పైగా ప్లాస్టిక్ టబ్బులో నానబెట్టాం. నానబెట్టింది ఆయన, రోజూ నీళ్ళు మోసి మార్చింది నేను. నీళ్ళలో సున్నం ఘాటు చూపే కాగితం ముక్కలు చేపల షాపులో ఇచ్చారు. టబ్బు నీళ్ళలో ముంచినదీ కుళాయి నీళ్ళలో ముంచినదీ ఒకే రంగుకు వచ్చేదాకా మారుస్తూనే ఉన్నాను. అతికించడానికి బాత్‌రూమ్ జిగురు తెచ్చాడు. బూజు పట్టనివ్వదట. గుల్ల పట్టనివ్వని రంగు కథ అప్పుడే మరిచిపోయాడు. తిప్పి పంపి, చేపల తొట్టికి వాడే సిలికాన్ జిగురు తెప్పించాను. చేపలను వేరే బకెట్లోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి, వెనక చేప దూరే సందు లేకుండా అంచులన్నీ అతికించి, జిగురు పులుపు వాసన పూర్తిగా పోయేదాకా ఆగాం.

నీళ్ళు నింపి చేపలను వదిలిన రోజు ఆయన తొట్టిని చూడలేదు, నా మొహం చూశాడు.

"చత్తాయంటావా?"

"రేపు చూద్దాం."

పొద్దున్నే నేను లేచేసరికి కుర్చీలో కూర్చుని ఫోన్లో తమ్ముణ్ణి తిడుతున్నాడు. "సిమెంటు మూడు వారాలు నానాలిరా. పడవ రంగు ఎవడైనా తెత్తాడా, ఎదవా."

డబ్బా తెచ్చినవాడు కాబట్టి తప్పు వాడిదైంది. నేను తొట్టి దగ్గరికి వెళ్ళాను. నాలుగూ మేత కోసం మూతి పైకెత్తుకుని ఉన్నాయి. డబ్బా తీసి ఆయన చేతికిచ్చాను. మేత డబ్బా.