తుమ్ము ఎవరి కథకి సూచన

కూర్మన్నపాలెంలో మా వరండాలో పొద్దున్నే డిగ్రీ పిల్లలకి ట్యూషన్ చెబుతాను. ఆవేళ పాఠం, కథని విడదీసి చూడడం. ఇతివృత్తం అంటే ఏటో, దృష్టికోణం అంటే ఏటో వాళ్ళకి ఇట్టే ఎక్కేసింది. నేపథ్యం అంటే ఏటే అని అడిగితే ఒక పిల్ల, "మన ఊరే మేడమ్, గోడల మీద దుమ్ముతో సహా," అంది. 'సూచన' దగ్గరే బండి ఆగిపోయింది. జరగబోయేదాన్ని కథకుడు ముందే ఓ చిన్న విషయంలో చూపించి ఊరుకుంటాడని ఎన్నిసార్లు చెప్పినా తెల్లమొహాలే.

నాకసలే ఓపిక తక్కువ. "పొద్దున మా ఇంట్లో జరిగిందే తీసుకోండి," అన్నాను.

మా ఆయనా, ఎదురింటి వదిన భర్త అన్నయ్యా ఒకే ఇనప రోలింగు మిల్లులో పనిచేస్తారు. ఎర్రగా కాలిన ఇనప కడ్డీ బయటికొచ్చే చోట పట్టకారు పట్టుకుని నిలబడేది మా ఆయన. ఆ కడ్డీ ఒక్కోసారి దారి తప్పి మనిషి మీదికి ఎగురుతుంది. అన్నయ్యది బయట లారీలకి లోడింగు, భయం లేని పని. ఆ పొద్దున మా ఆయన గుమ్మం దాటుతుంటే ఎదురుగా వదిన గట్టిగా తుమ్మింది. "ఓలమ్మో! తమ్ముడా, కూకో. గుక్కెడు నీళ్ళు తాగి ఎల్లు," అని లోపలికి తోసేసింది. "నువ్వెల్లిపో బావా, నాను ఎనకాలొత్తాను," అని వీధిలో తన కోసం ఆగిన అన్నయ్యతో చెప్పి మా ఆయన కూర్చున్నాడు.

"మామూలుగా అయితే తుమ్ము తుమ్మే. కథలో అయితే సాయంత్రంలోగా ఆ తుమ్ము సంగతేంటో తేలాలి," అన్నాను. పిల్లలు పకపకా నవ్వారు. మా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న వదిన మాత్రం నవ్వలేదు. "నోర్ముయ్యే పిల్లా. పైన తథాస్తు దేవతలుంటారు," అని కసిరింది.

కాసేపటికి ఓ పిల్ల ఫోన్ చూసుకుని పాలిపోయింది. వాళ్ళ నాన్నది ఆ మిల్లు ముందే టీ కొట్టు. కడ్డీ ఎగిరిందట, మనిషికి తగిలిందట. ఎవరికో తెలీదట.

కడ్డీ దగ్గర నిలబడేది మా ఆయనే కదా! ఫోన్ చేద్దామంటే లోపలికెళ్ళేవాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. నా నోటితో నేనే అన్నాను. పాడు నోరు, పాడు పాఠం! చెంపలు వాయించుకున్నాను. భయమంటే ఏటో నాకు అంతవరకూ తెలీదు. "దేవుడా, ఇంకెవరైనా కానీ, ఆయన మాత్రం కాకూడదు," అని పైకే అనేశాను. వదిన నా వీపు నిమిరి, "ఏటీ అవదే, నాను కూకోబెట్టి పంపినాను గదా," అంటూ లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

అప్పుడే వీధి మలుపులో మా ఆయన బండి కనపడింది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. పరుగున వెళ్ళి చొక్కా పట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. నా వెనక్కి చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు. "నాను లేటని సూపర్వైజరు నన్ను లోడింగుకి పంపీసి, బావని నా సోట నిలబెట్టీసినాడు. ఆస్పత్రికి తీసుకెల్లినారు. రా, ఎల్దాం."

వదిన ఏడవలేదు. నా కోసం తెచ్చిన నీళ్ళగ్లాసు అలాగే పట్టుకుని నిలబడింది.

"కూకోమన్నది నానే గదా తమ్ముడా," అంది.