కొరియా మేనబావ

ఆ పోలీసు కుర్రాడే ఆమెను పెళ్లి చేసుకోవాలని నేను రెండు నెలలు వాదించాను. వాదించానంటే ఇంట్లో కూర్చుని గొణగడం కాదు. ఆ సీరియల్ అభిమానుల గుంపు ఒకటి ఫోన్‌లో ఉంటే అందులో చేరి, ఒక్కో అక్షరం వేలితో వెతుక్కుని టైపు చేసి మరీ వాదించాను. తప్పు వాదించాను. ఎట్లా తప్పానో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

సీరియల్ కొరియా వాళ్లది. తెలుగు మాటలు పెట్టి వారానికో ఎపిసోడ్ వేస్తారు. కథ తేలిక. ఒక రంగుల కార్ఖానా యజమానిని అతని భాగస్వామి దొంగ కేసులో ఇరికిస్తాడు, అతను జైల్లోనే చనిపోతాడు. కూతురు మేనమామ ఇంట్లో పెరిగి, లాయరై, పేరు మార్చుకుని ఆ దుర్మార్గుడి కంపెనీలోనే ఉద్యోగానికి చేరుతుంది. పగ తీర్చుకోవాలి. ఆమెకు దగ్గరగా ఇద్దరు మగవాళ్లు. ఒకడు మేనమామ కొడుకు, పోలీసు. రెండోవాడు ఆ దుర్మార్గుడి కొడుకే, తండ్రి సంగతి తెలియని అమాయకుడు. ఆమె ఎవరిని చేసుకోవాలన్నదే గుంపులో తగాదా.

మా అల్మాస్‌గూడ ఇంట్లో ఇది నా మనవరాలు తెచ్చిన అలవాటు. శనివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లి, మధ్యాహ్నం షేర్ ఆటోలో వచ్చి, అన్నం తింటూ ఆ వారం ఎపిసోడ్ ఒక్కటి చూసేది. కంచం కడిగేసరికి టీవీ ఆగిపోయేది, మళ్లీ పుస్తకాలే. ఆ ఒక్క గంటకు నేనూ, పళ్లెంలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ మా ముసలామే, పక్కింటి గుంటూరు అమ్మాయీ హాజరయ్యేవాళ్లం.

నటుల ఎంపిక నాకు మొదటిరోజే నచ్చలేదు. దుర్మార్గుడిగా వేసినవాడు మరీ అందగాడు. వాడి కొడుకుగా వేసినవాడికి గడ్డం మీద ఒక్క వెంట్రుక లేదు, కంటి కింద ఒక్క ముడత లేదు. ఆడపిల్ల గుండెలో అంత మంట ఉంటే, పక్కన నిలబడాల్సింది ఈ పాలమీగడా? పోలీసుగా వేసినవాడు అట్లా కాదు. నల్లగా, గట్టిగా ఉంటాడు. బూట్లు విప్పి గుమ్మం పక్కన సరిగ్గా పెడతాడు. చనిపోయిన మేనత్త, అంటే ఆ పిల్ల తల్లి, ఫొటోకు దండం పెడతాడు. అంతకంటే ఏం కావాలి?

"బాబాయ్ గారూ, ఇంట్లో బంగారంలాంటి మేనబావని పెట్టుకుని ఆ పిల్ల బయట చూడ్డమేంటండీ? మా వైపైతే ఈపాటికి పందిరి వేసేసేవాళ్లు" అనేది గుంటూరు అమ్మాయి.

"మా దిక్కు పందిరి పీకేసి పురుడు గూడ పోసేటోళ్లమమ్మా" అన్నాను.

మనవరాలు మాత్రం రెండు పార్టీల్లోనూ లేదు. "ఇద్దరూ ఒద్దు తాత. ఆమె ఒచ్చిన పని వేరే. పని సగంల ఉండంగ పెండ్లేంది?" అనేది.

"ఆడపిల్లకు తోడుండొద్దా?"

"పోలీసాయన ఉన్నడు గద. ఫైల్ తెచ్చిస్తున్నడు, ఆపదల ఒస్తున్నడు. తోడుంటె తాళి గట్టాల్నా ఏంది?"

దీనికి నేను గొంతు పెంచేవాణ్ని. ఎందుకు పెంచేవాణ్నో ఇంట్లో అందరికీ తెలుసు.

మనవరాలు పుట్టిన ఇరవై ఒకటో రోజున, తొట్టెలలో వేస్తుంటే, ఎల్‌బీ నగర్‌లో ఉండే నా కూతురు మూడేళ్ల కొడుకును చంకనేసుకుని వచ్చి "ఈ పిల్ల నాది నాయినా" అంది. "నీదే, తీస్కపో" అన్నాను, పదిమందిలో. ఆ పిల్లవాడిప్పుడు పాతికేళ్లవాడు. ఎల్‌బీ నగర్‌లో కార్ల విడిభాగాల దుకాణంలో పని. చెడ్డ అలవాటు ఒక్కటి లేదు. నా కూతురు ఈ శ్రావణంలోనే ఖాయం చేసుకుందామంటోంది. మనవరాలు పోయినసారి పరీక్షలో కొద్దిలో తప్పిపోయింది, ఇంకోసారి రాస్తానంటోంది. పెళ్లయ్యాక రాసుకోవచ్చు గదా అని నా కూతురు. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ నడుపుకునే నా కొడుకూ కోడలూ చేతులెత్తేశారు. "మాట ఇచ్చింది నాయిన, నాయిననే తేల్చాలె" అన్నారు. పిల్ల పుస్తకాలు మూయాలో వద్దో నా నోట్లో ఉంది.

నేను తేల్చకుండా టీవీలో పిల్లకు సంబంధం చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదో ఎపిసోడ్‌లో పాలమీగడ మోకాళ్ల మీద కూర్చుని ఉంగరం చూపించాడు. గుంపంతా పండగ. నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను: "శత్రువు ఇంటికి కోడలుగా పోవడానికా ఆమె పేరు మార్చుకున్నది? చిన్నప్పటి నుంచి కళ్లల్లో పెట్టుకుని చూస్తున్న మేనమామ కొడుకు మీకు కనిపించడం లేదా? అతని చూపు చూడండి. వరస కలిసినవాడు. ఆమె అతనికే దక్కాలి."

మొదట నవ్వే బొమ్మలు వచ్చాయి. తర్వాత ఎవరో ఆడపిల్ల మర్యాదగానే రాసింది: "తాతగారూ, వాళ్ల దేశంలో మామయ్య కొడుకంటే అన్నయ్యేనండీ. అలాంటి పెళ్లి చట్టమే ఒప్పుకోదు. మీరు అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేసేస్తున్నారు."

ఫోన్ విసిరేయబోయాను. ప్రపంచంలో ఎక్కడైనా మామ కొడుకు బావ కాకుండా పోతాడా? ఇదేదో ఈకాలం పిల్లల అతితెలివి అనుకున్నాను. మనవరాల్ని పిలిచి చూపించాను.

"నిజమే తాత" అంది.

"నీకు ముందే తెల్సా?"

"మొదటి వారమే చూసిన."

"మరి రెండు నెల్ల సంది నోరు మూస్కొని ఎందుకున్నవే? ఊరందరి ముందర తాత ఇజ్జత్ పోతుంటె సంబరమా?"

ఆమె నవ్వలేదు. "నువ్వు మాట్లాడుతున్నది టీవీల పిల్ల గురించి గాదని నాకు తెల్సు తాత. గందుకే జెప్పలే. నువ్వు గెలిస్తె నా పెండ్లి, ఓడితె నా మీద కోపం. నేనేం జెప్పాలె?"

పుస్తకం తీసుకుని లోపలికి పోయింది.

నేను బడికి పోలేదు. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం గుంట దగ్గర పెరిగి, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో ముప్పై ఏళ్లు చీరలు పరిచి చూపించినవాణ్ని. చీరల మడతల మధ్య పెట్టే పాత పేపర్లే నా పాఠాలు. తప్పు దిద్దే పంతులు లేడు కాబట్టి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎక్కడైనా అర్థం తప్పిందని తెలిస్తే ఆ ముక్క ఒక్కటి దిద్దుకుంటే చాలదు, మొత్తం మొదటి నుంచి చదవాలి. ఎందుకంటే తప్పు అంతకుముందే ఎక్కడో మొదలై ఉంటుంది.

కాబట్టి మర్నాడు పొద్దున్నే మొదటి ఎపిసోడ్ పెట్టాను. నోట్‌బుక్, పెన్సిల్ పక్కన. మూడు రోజులు, తొమ్మిది ఎపిసోడ్లు. ఆ పోలీసు కుర్రాడు ఆమె దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆపి, ఎట్లా చూశాడో వెనక్కి తిప్పి చూశాను. ఆమె జ్వరంతో ఉంటే నుదుటి మీద చెయ్యి పెట్టాడు, అన్నలాగే పెట్టాడు. ఆమె ఏడిస్తే తల మీద ఒకటి మొట్టాడు. ఏ ఆడపిల్లను చూసినా కంగారుపడి నీళ్లు ఒలకబోసుకునే మనిషి, ఈమె ముందు బనీను మీద తిరిగాడు. నేను గుంపులో అంత ధాటిగా రాసిన ఆ చూపు ఎక్కడా లేదు. దాన్ని నేనే తీసుకుపోయి ఆ కుర్రాడి కళ్లల్లో పెట్టాను. మరి తొట్టెల దగ్గర నేనన్న మాటలో మాత్రం ఏముంది? ఇరవై ఒక్క రోజుల పిల్ల అప్పుడు కళ్లు కూడా సరిగ్గా నిలిపి చూడటం లేదు.

మూడో రోజు నోట్‌బుక్ మూస్తుంటే మా ముసలామె అడిగింది. "ఏం తేలింది, పంతులూ?"

"వాడు అన్ననే."

ఆమె చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. ఆమె నా మేనమామ కూతురు. తను ఏడో తరగతిలో ఉండగా మా పెళ్లయింది.

"నిన్ను అడిగిన్రానే అప్పుడు?" అన్నాను. యాభై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"లెక్కల పరీక్ష ఉండె ఆ దినం" అంది. "పసుపు రాసి కూసోబెట్టిన్రు." పళ్లెంలోంచి ఇంకో కాయ తీసుకుని, "ఇప్పుడెందుకు గదంత? పిల్ల సంగతి జూడు" అంది.

ఆదివారం మధ్యాహ్నం నా కూతురు వచ్చింది. పూలు, పండ్లు, కొబ్బరికాయ, కొత్త చీర పళ్లెంలో సర్దుకుని మరీ వచ్చింది. కొడుకూ కోడలూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. మనవరాలు తలుపు దగ్గరే ఆగింది. నేను నిలబడి చెప్పాను.

"గా పళ్లెం కింద పెట్టకు బిడ్డా. నేను ఇచ్చిన మాట వాపస్ తీస్కుంటున్న."

"ఏందీ?"

"పిల్లను అడగకుండ ఇచ్చిన. అది నా తప్పు. ఆమె పరీక్ష రాస్తది. ఆ తర్వాత ఎవర్ని చేస్కుంటదో, అసలు చేస్కుంటదో లేదో, ఆమె జెప్తది."

"కొరియా సీరియల్ జూసి నా కొడుకును కాదంటున్నవా నాయినా? పదిమందిల అన్నవు. నా అత్తగారింట్ల నేను మొఖం ఎట్ల జూపియ్యాలె?"

"నేనే ఒచ్చి జెప్త. మాట నాది, నీది గాదు."

మనవరాలు ముందుకొచ్చింది. "అత్తమ్మా, బావ మంచోడు. నేను కాదంటలేను. చేస్కోనంటున్న."

"రెండిటికీ తేడా ఏందే?" అని అరిచింది నా కూతురు. అరుస్తూనే ఏడ్చింది. మా ముసలామె వెళ్లి ఆమె చేతిలో పళ్లెం తీసుకుని, పండ్లు మళ్లీ సంచిలో సర్ది ఇచ్చింది. పోతూ పోతూ నా కూతురు గుమ్మంలో ఆగింది.

"పోరనికి నువ్వే జెప్పుకో. నా నోటితోని నేను జెప్ప."

మర్నాడు పొద్దున బస్సెక్కి ఎల్‌బీ నగర్ పోయాను. దుకాణం ముందు వాడు ఒక కారు అద్దం చుట్టూ అట్టముక్క కట్టి టేపు వేస్తున్నాడు. నన్ను చూడగానే లేచి స్టూలు తెచ్చాడు. నేను కూర్చోలేదు.

"అమ్మ ఏం జెప్పలేదారా?"

"రాత్రి సంది మాట్లాడుతలేదు తాత. ఏమైంది?"

చెప్పాను. పరీక్ష సంగతి అడ్డం పెట్టుకోలేదు, ఇంకో ఏడాది ఆగమని ఆశ పెట్టలేదు. పిల్ల వద్దంది, నేను నా మాట తీసేసుకున్నాను, అంతే చెప్పాను. వాడు టేపు చివర పళ్లతో కొరికి, అట్ట మీద గట్టిగా అదిమాడు. చాలాసేపు అదుముతూనే ఉన్నాడు. ఇష్టమైన పిల్ల అని ఆ చేతిని చూస్తే తెలిసింది. ఈసారి ఆ ఇష్టం నేను పెట్టింది కాదు. నిజంగానే ఉంది.

"ఆమెనే అన్నదా, మీరందరు అనిపిచ్చిన్రా?" అన్నాడు చివరికి.

"ఆమెనే అన్నది. మీ అమ్మ ముందర, నా ముందర."

"అట్లయితె సరె." అద్దం ఎత్తి గోడకు ఆనించాడు. "పరీక్ష మంచిగ రాయమను. నేనన్ననని జెప్పకు."

"నువ్వన్నవనే జెప్త" అన్నాను. "మన ఇంట్ల ఇగ ఒగరి మాట ఇంకొగరు జెప్పుడు బంద్. ఎవరన్న మాట వాళ్ల పేరు మీదనే పోవాలె."

వాడు తల ఊపాడు. లోపలి నుంచి ఎవరో పిలిస్తే వెళ్లాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా కూతురి అత్తగారిల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. కొద్దిగా ఊపిరి కుదుటపడ్డాక లేచి అటు నడిచాను.