వెధవ గీత

మా మామగారు వెండెల్ స్ట్రాడర్ పొద్దున్నే ప్యాంటు వేసుకుని, బెల్టు బిగించి, ఆ బెల్టుకు కుడిపక్కన నలభై ఐదును తగిలించుకున్నాకే కాఫీ తాగేవారు. నలభై ఐదు అంటే పిస్తోలు. మా ఊరు బ్రష్ ఫోర్క్‌లో ఆ అంకె చెబితే ఎవరూ ఇంకోటి అనుకోరు. ఆ నమూనా పుట్టి వందేళ్లు దాటింది. ఉక్కు ముద్దకు వాల్‌నట్ చెక్క పిడి. ఇప్పుడు వచ్చే ప్లాస్టిక్ పిస్తోళ్లు దానికన్నా బాగా తేలిక, గుళ్లు రెట్టింపు పడతాయి. ఆ సంగతి ఇక్కడివాళ్లకు తెలియక కాదు. నలభై ఐదే ఎందుకని అడిగితే, నలభై ఆరు ఎవరూ చెయ్యలేదు కాబట్టి అంటారు. ప్రతివాడూ ఆ మాటను తనే కనిపెట్టినట్టు చెబుతాడు.

ఆయన బొగ్గు గని క్వార్టర్స్‌లో పుట్టారు. సైన్యంలో చేరితే ఆయుధాల మరమ్మతు అప్పజెప్పారు. వియత్నాంలో ఉన్నన్నాళ్లూ ఒక గుడారంలో బల్ల ముందు కూర్చుని ఇతరుల పిస్తోళ్లు విప్పి బిగించారు. "నేను యుద్ధమంతా స్ప్రింగులు మార్చానమ్మా" అనేవారు, దాచకుండా. తిరిగొచ్చాక గని యంత్రాల షెడ్డులో పని. సాయంత్రాలు ఇంటి గరాజులో, చుట్టుపక్కల వాళ్లు తెచ్చే నలభై ఐదులు. ఒక్కోదానికి ఒక్కో జబ్బు ఉంటుందనీ, ఆకురాయితో నయం కానిది వాటిలో లేదనీ అనేవారు. అందుకే అవంటే ఆయనకు ఇష్టమనుకుంటాను. అత్తగారు విల్మా మా పెళ్లికి ముందే పోయారు. ఆమె ఫొటో గరాజులోనే ఉంది, ఇనుము చెక్కే లేతు మిషను పైన.

మా అమ్మాయి జూనీ పుట్టాక నాకు భయం మొదలైంది. ఊళ్లో డేకేర్ లేదు. నేను నీటి సరఫరా ల్యాబులో పని చేస్తాను. నా డ్యూటీ రోజుల్లో పిల్లను ఆయన దగ్గరే వదలాలి.

"మామయ్యా, దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యొచ్చు కదా" అన్నాను.

"తాళంచెవి ఎక్కడుందో పిల్లలు నడక రాకముందే కనిపెడతారు. మీ ఆయన కనిపెట్టాడు, అడుగు. బల్ల మీద పెట్టిన తుపాకి ఎవరి చేతికైనా వస్తుంది. నడుముకున్నదాన్ని తియ్యాలంటే నన్ను దాటాలి."

"గుండును పేల్చే సుత్తి వెనక్కి లాగి పెట్టి ఉంటుంది దానికి. చూస్తేనే నా గుండె జారిపోతోంది."

"అది అలాగే ఉండాలి. అలా మోయడానికే చేశారు దాన్ని. సేఫ్టీ మీట వేసి ఉంది. పిడి వెనకాల ఇంకోటి, చేత్తో బిగించి పట్టుకుంటే తప్ప వదలదు. ఇన్నేళ్లలో నా చేతిలో ఒక్క గుండు పొరపాటున పేలలేదమ్మాయ్."

అది నిజం. కనుక్కుని చూశాను. ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే చెప్పారు. ప్రమాదానికి అవకాశం ఎంతో నాలో నేనే లెక్క వేసుకుని, ఒప్పుకున్నాను. జూనీ రెండేళ్లు ఆయన ఒళ్లో పెరిగింది. బీన్స్ మెదిపి, మొక్కజొన్న రొట్టె అందులో కలిపి పెట్టేవారు. ఎడమ తుంటి మీదే ఎత్తుకునేవారు, కుడివైపుకు ఎప్పుడూ మార్చలేదు.

వెధవ గీత గురించి ఇక్కడ చెప్పాలి. ఈ పిస్తోలును విప్పి తుడిచి మళ్లీ బిగించేటప్పుడు, చివరగా ఎడమపక్క నుంచి ఒక చిన్న మీటను దూర్చాలి. గాడికి ఎదురుగా నిలిపి నేరుగా నొక్కాలి. తొందరపడి కిందనుంచి పైకి తిప్పితే దాని మూల పిస్తోలు ఉక్కు ఫ్రేము మీద రాసుకుంటూ పోతుంది. నెలవంకలా గీత పడుతుంది. పడిందా, ఇక పోదు. కొత్తగా కొన్నవాడు మొదటి వారంలోనే గీసుకుంటాడు. దానికి మావాళ్లు పెట్టిన పేరే వెధవ గీత. గరాజుకు వచ్చిన ప్రతి పిస్తోలునూ మామగారు ముందు ఎడమపక్కకు తిప్పి చూసేవారు. గీత కనిపిస్తే కళ్లజోడు మీదుగా యజమానిని చూసేవారు. పాలిష్ చేసి తీసెయ్యమని బతిమాలినా చేసేవారు కాదు. "అది నీ సంతకం. నేనెందుకు చెరుపుతాను?" అనేవారు. ఆయన పిస్తోలు ఎడమపక్క మాత్రం యాభై ఏళ్లు శుభ్రంగా ఉంది.

మొన్నటి వసంతంలో ఒక శనివారం, గుట్ట కింద ఉన్న తుపాకీ క్లబ్బుకు జూనీని తీసుకుని నేనూ వెళ్లాను. కాల్చడం అయిపోయాక అందరూ పిస్తోళ్లను ఖాళీ చేసి, పైభాగం వెనక్కి నిలిపి, పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టారు. ఆ బల్ల చుట్టూ నిలబడి మాంసం కూరిన పెప్పరోని రోల్స్ తింటూ ఒకరి దాన్ని ఒకరు ఎగతాళి చెయ్యడం అక్కడి అలవాటు.

"ఏరా డెంజిల్, నీ ఫ్రేము మీద కోడి గీకిందిరా?" అన్నాడు హోబర్ట్ లైల్. మామగారికి చిన్ననాటి స్నేహితుడు, గనిలో పక్క షిఫ్టు.

"నీ ప్లాస్టిక్ డబ్బాకు గీతలు పడవుగా, అందుకే ఆ కులుకు."

"ఛీ, అది మా కోడలిదిరా! పదిమందిలో నా పరువు తియ్యకు. దాంట్లో మిగిలిపోయిన కూర పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు."

అందరూ నవ్వారు. హోబర్ట్ నవ్వుతూనే మామగారి నలభై ఐదు అందుకుని, గురి చూడబోయి ఆగిపోయాడు.

"ఒరేయ్ వెండెల్, దీన్ని ఎవడికిచ్చావురా?"

"ఎవడికీ ఇవ్వలేదే."

"మరి ఇదేంటి?"

డెంజిల్ మెడ చాచి చూసి చప్పట్లు కొట్టాడు. "మనకు గీతల మీద ప్రసంగాలు చేసే పాస్టరుగారు తాగి దొరికారురో! అందరూ రండి, పాస్టరుగారు తాగి దొరికారు!"

మామగారు కళ్లజోడు పెట్టుకున్నారు. పిస్తోలును వెలుతురులోకి తిప్పారు. బొటనవేలితో గీత మీద రాశారు, నూనె మరక అయితే పోతుందేమోనన్నట్టు. చాలాసేపు చూశారు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"కొత్తదే. అంచు ఇంకా మెరుస్తోంది" అన్నారు.

"ఎప్పుడు పడింది?" హోబర్ట్ గొంతు తగ్గించి అడిగాడు.

"తెలీదు. తుడిచినట్టే గుర్తులేదు. కానీ నూనె తాజాగా ఉంది."

హోబర్ట్ ఒక రోల్‌ను ఆయన ముందుకు జరిపాడు. "తినరా, చల్లారిపోతుంది." ఆయన తిన్నారు.

తిరిగి వస్తున్నప్పుడు ఆయన వెనక సీట్లో జూనీ పక్కన కూర్చున్నారు. కొంతదూరం వచ్చాక అడిగారు.

"అమ్మాయ్, సోమవారం పిల్లను తెస్తావా?"

"చూద్దాం మామయ్యా."

మా ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం. ఆయనకు తెలుసు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. జూనీ ఆయన వేళ్లు లాగుతోంది.

మా ఆయన కర్టిస్ ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. గడియారం బొమ్మ గీయమన్నారట. జంతువుల పేర్లు చెప్పమన్నారట. మతిమరుపు జబ్బు మొదటి దశలో ఉంది, నెమ్మదిగా పెరుగుతుంది అన్నారట. కర్టిస్ ఇదంతా ప్లేట్లు తుడుస్తూ చెప్పాడు. నేను వింటూ కడుగుతున్నాను.

"పిస్తోలును నాన్న నడుము మీంచి తీసేస్తే ఆయనకు ఇంకేం మిగలదు" అన్నాడు.

"అది ఉంటే నేను జూనీని పంపను."

"పంపకపోయినా ఏం మిగలదు."

గొంతులు పెంచలేదు. ప్లేట్లు అయిపోయాయి.

ఆదివారం చర్చి అయ్యాక ఆయనే మా ఇంటికి వచ్చారు. పిడికిలి నా ముందు తెరిచారు. అరచేతిలో సన్నటి ఉక్కు ముక్క, సూదికన్నా లావు, పెన్సిలు కన్నా సన్నం.

"ఫైరింగ్ పిన్ను. ఇది లేకపోతే సుత్తి ఎన్నిసార్లు పడ్డా గుండు పేలదు. నీ దగ్గర ఉంచు. గుళ్లన్నీ హోబర్ట్‌కు ఇచ్చేశాను."

"అలాంటప్పుడు అది మీకు ఎందుకు మామయ్యా? ఇంట్లో పెట్టెయ్యండి."

"బరువు లేకపోతే నా నడక వంకర పోతుందమ్మా. నిన్న ప్రయత్నించాను. పోస్టాఫీసు దాకా కూడా పోలేకపోయాను."

"మీ గరాజులో ఇంకా ఉంటాయిగా పిన్నులు?"

ఆయన నవ్వారు. ఆ శనివారం తర్వాత నవ్వడం అదే చూశాను. "ల్యాబ్ పిల్లవి. నమ్మకు. నమ్మే పని లేకుండా చేస్తాను." ట్రక్కులోంచి జామ్ సీసా ఒకటి తెచ్చి ఇచ్చారు. అందులో ఆయన దగ్గరున్న పిన్నులన్నీ ఉన్నాయి. "అయినా రోజూ పరీక్ష చేసుకో. నీళ్లను చేస్తావు కదా, అలాగే."

ఆ పరీక్ష ఈ పిస్తోలు ఉన్నవాళ్లందరికీ తెలిసినదే. పొద్దున నేను జూనీని తెచ్చేసరికి ఆయన వరండా మెట్ల దిగువన నిలబడి ఉండేవారు. పిస్తోలు తెరిచి, లోపల ఖాళీ అని నాకు చూపించి, గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టేవారు. ఒక పెన్సిలును రబ్బరు కిందికి వచ్చేలా గొట్టంలో జారవిడిచి, ట్రిగ్గరు నొక్కేవారు. పిన్ను ఉంటే అది రబ్బరును తంతుంది, పెన్సిలు పైకి ఎగురుతుంది. రోజూ ఉత్త టిక్కుమనేది, పెన్సిలు కదిలేది కాదు.

"చచ్చింది. చూశావుగా?" అనేవారు.

"చూశాను మామయ్యా."

జూనీ కూడా "తిక్" అనేది. నేను పనికి వెళ్లేదాన్ని. ల్యాబులో క్లోరిన్ చూస్తున్నప్పుడు ఆ టిక్కు ఒకసారి గుర్తు చేసుకుంటే భయం తగ్గేది.

వేసవి అలా గడిచింది. ఆయన జూనీని ఒకటి రెండుసార్లు విల్మా అని పిలిచారు. కాఫీలో ఉప్పు వేసుకుని, ఏమీ అనకుండా తాగేశారు. జూనీకి మాత్రం వేళకు అన్నీ చేసేవారు. ఆమె నిద్రపోయాక వరండాలో కూర్చుని పిస్తోలు విప్పి తుడిచేవారు. గీత పక్కన రెండో గీత పడింది, తర్వాత మూడోది. క్లబ్బులో ఇప్పుడు ఆయన పిస్తోలును ఎవరూ చేతిలోకి తీసుకునేవారు కాదు. డెంజిల్ తన దాన్ని గీతలు పైకి కనిపించేలా, ఆయన దాని పక్కనే పెట్టేవాడు.

ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున నేను కారు ఆపేసరికి ఆయన మెట్ల దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఖాళీ చూపించారు. పెన్సిలు వేశారు. నొక్కారు.

పెన్సిలు ఎగిరింది. చూరు దాటి పోయి తడి ఆకుల్లో పడింది.

జూనీ చప్పట్లు కొట్టింది. "మళ్లీ! తాతా, మళ్లీ!"

ఆయన గొట్టం వైపు చూశారు. తర్వాత నా వైపు.

"ఎప్పుడు పెట్టారు మామయ్యా?"

"నేను పెట్టలేదు" అన్నారు వెంటనే.

మెట్టు మీద కూర్చుని పిస్తోలు విప్పారు. చేతులు తడబడలేదు. పిన్ను అరచేతిలోకి జారింది. కళ్లజోడు పైకి తోసి దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. అది కొన్నది కాదు. కొత్త ఉక్కు కడ్డీలోంచి లేతు మీద తీసినది. కొనను ఎంతో ఓపికగా గుండ్రం చేసి ఉంది.

"మంచి పని" అన్నారు. మరోసారి తిప్పి చూసి, "నా పనే. కొనను ఇలా చేసేది నేనొక్కణ్ణే" అన్నారు.

నాకు కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. ఆయన మోకాలి మీద ఉన్న నూనె మరకను చూస్తున్నాను.

"ఎప్పుడు చేశానో తెలీదమ్మా. పిన్ను చేసి పెట్టుకున్నవాణ్ణి, గుండు మాత్రం తెచ్చుకోలేనా?"

"హోబర్ట్‌గారు ఇవ్వరు."

"దుకాణంవాడు ఇస్తాడు. నేనంటే వాడికి గౌరవం." ఆయన పిస్తోలును మళ్లీ బిగించారు. మీటను నేరుగా పెట్టి నొక్కారు, ఈసారి గీత పడలేదు. నా చేతికిచ్చారు, పిన్నును దాని పక్కన పెట్టారు. "హోబర్ట్‌కు ఇచ్చెయ్. నేనడిగినా ఇవ్వొద్దని చెప్పు. ఏడ్చినా సరే. పిల్లని కారెక్కించు."

"మీరూ రండి మామయ్యా, మా ఇంట్లో ఉందురుగాని."

"లేతు ఉన్నంతవరకు నన్ను నమ్మకు. కర్టిస్‌ను రమ్మను, దాన్ని కూడా అమ్మేద్దాం. అప్పుడు చూద్దాం."

జూనీని సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. పిస్తోలును వెనక డిక్కీలో, తువ్వాలులో చుట్టి పెట్టాను. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఆయన లేచి నిలబడబోయి, రెయిలింగు పట్టుకుని, మళ్లీ కూర్చున్నారు.

దారిలో జూనీ "మళ్లీ, మళ్లీ" అంటూనే ఉంది. పెట్రోలు బంకు దగ్గర ఆపి పక్క ఊరి డేకేర్‌కు ఫోన్ చేశాను. సోమవారం నుంచి చోటుందన్నారు. సరే అన్నాను.